పూతరేకు లెక్క: ఓడ ప్రయాణంలో తగ్గింపులు

(సస్కటూన్ సామాజిక రేడియో తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగం పాఠం)

బయట చలి ఎలా ఉందో నేను చెప్పక్కర్లేదు. సస్కటూన్‌లో ఈ రోజుల్లో మనకున్న పనులు రెండే. ఒకటి వాకిట్లో మంచు ఎత్తిపోసుకోవడం, రెండోది వేసవిలో ఎక్కడికెళదామా అని ఇంటిల్లిపాదీ కూర్చుని కలలు కనడం. ఈ సంగతి ఓడల కంపెనీలకి మనకన్నా బాగా తెలుసు. అందుకే జనవరి నుంచి మార్చి దాకా క్రూజుల ప్రకటనలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడతాయి.

మొన్న సంక్రాంతి భోజనాల దగ్గర ఒక చెల్లెమ్మ అడిగింది. "అన్నయ్యా, ఒకళ్ళు కాస్ట్‌కోలో కొన్నామంటారు, ఒకళ్ళు పాత మెంబర్లమని తగ్గించారంటారు, ఇంకొకళ్ళు కార్డు పాయింట్లంటారు. ఇవన్నీ కలిపి వాడుకోవచ్చా? లేక ఏదో ఒకటేనా?" అని. మంచి ప్రశ్న. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదని, రేడియోలో చెప్తానన్నాను. అదే ఈ వారం ప్రసంగం.

మనకి సముద్రం దగ్గర లేదు. సౌత్ సస్కచ్వాన్ నదిలో ఇంత పెద్ద ఓడలు రావు. మన ఊరివాళ్ళు పిల్లల్ని తీసుకుని ఓడెక్కాలంటే చాలామందికి అందుబాటులో ఉన్నది వాంకూవర్ నుంచి అలాస్కా వెళ్ళే ఏడు రాత్రుల ప్రయాణం. ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబరు దాకా నడుస్తాయి. కెచికన్, జూనో, స్కాగ్వే లాంటి ఊళ్ళు, మధ్యలో మంచు నదులు. వాంకూవర్‌కి ఈ వ్యాపారం రావడానికి ఒక పాత చట్టం కూడా కారణమే. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని, మధ్యలో విదేశీ రేవు ఏదీ తాకకుండా, అమెరికా రేవుల్లోనే తిప్పి దింపకూడదు. పెద్ద క్రూజు ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ నుంచి బయల్దేరే ఓడలు కూడా దారిలో విక్టోరియాలోనో మరో కెనడా రేవులోనో ఆగి వెళతాయి.

సరే, అసలు సంగతికి వద్దాం. తగ్గింపులంటే మన ఆత్రేయపురం పూతరేకులాంటివి. ఒక్కొక్క రేకు ఊదితే ఎగిరిపోయేంత పల్చన. పొరమీద పొర పేరిస్తేనే నోట్లో పెట్టుకునే మిఠాయి అవుతుంది. అయితే ఏ పొర మీద ఏది పేర్చవచ్చో తెలియాలి. దానికి ఒకే ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. టిక్కెట్టు ధరని మార్చేవి సాధారణంగా ఒక్కటే దక్కుతుంది. ఖాతాలో జమ అయ్యేవి చాలాసార్లు ఒకదాని మీద ఒకటి కలుస్తాయి.

ధరని మార్చేవి అంటే ఏమిటి? కెనడా నివాసులకని అప్పుడప్పుడూ ఇచ్చే ప్రత్యేక ధర, పెద్దవయసు వాళ్ళ ధర, సైన్యంలో పనిచేసినవాళ్ళ ధర, పాత ప్రయాణికుల ధర, ఆ వారం నడుస్తున్న ఆఫరు. వీటిలో సాధారణంగా ఏదో ఒక్కటే వర్తిస్తుంది. మీ నాన్నగారి వయసు చూపించి ఒకటి, మీ పాత మెంబర్‌షిప్పు చూపించి ఒకటి, రెండూ ఒకే గదికి అడిగితే కుదరదంటారు. కాబట్టి అన్ని ధరలూ అడిగి, అన్నిటికన్నా తక్కువది ఎంచుకోవాలి.

ఖాతాలో జమ అయ్యేవి అంటే ఆన్‌బోర్డ్ క్రెడిట్. ఓడ మీద మనం పెట్టే ఖర్చుల్లోంచి అంత కొట్టేస్తారు. ట్రావెల్ ఏజెంటు తన కమిషన్‌లోంచి ఇచ్చేది ఒకటి. కిందటి ప్రయాణంలో ఓడ మీదే తర్వాతి ప్రయాణానికి కొంత డిపాజిట్ కట్టి ఉంటే దానికి ఇచ్చేది ఇంకొకటి. కార్నివాల్ కార్పొరేషన్, రాయల్ కరీబియన్ గ్రూపు లాంటి కంపెనీల్లో 100 షేర్లు ఉన్నవాళ్ళకి ఇచ్చేది మరొకటి. వీటికోసమని షేర్లు కొనమని నేను చెప్పడంలేదండోయ్. ఉంటే మాత్రం అడగడం మరిచిపోవద్దు. తమంతట తాము గుర్తుచేసి ఇవ్వరు.

వీటన్నిటికీ పైపొర, డబ్బు కట్టే పద్ధతి. కాస్ట్‌కో ఎగ్జిక్యూటివ్ మెంబర్లకి వాళ్ళ ట్రావెల్ విభాగంలో కొన్నదాని మీద 2 శాతం వెనక్కి వస్తుంది. మన ఊళ్ళో సి.ఎ.ఎ. సస్కచ్వాన్ వాళ్ళకీ ట్రావెల్ ఆఫీసు ఉంది, మెంబర్లకి ఏమిస్తున్నారో అడగవచ్చు. క్రెడిట్ కార్డు పాయింట్లు ఎలాగూ వస్తాయి. ఇవి ఓడ కంపెనీ ఇచ్చేవి కావు గనుక కింద ఏ ధర తీసుకున్నా దానిమీద కూర్చుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. శాతాలు చూసి మోసపోకండి. "రెండో మనిషికి 60 శాతం తగ్గింపు" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. లెక్క కోసం ఒక ఉదాహరణ చెప్తాను. మొదటి మనిషికి 2000 డాలర్లు, రెండో మనిషికి 800. మొత్తం 2800. అంటే తలా 30 శాతమే తగ్గింది. పక్క కంపెనీ ఏ ఆఫరూ లేకుండా మనిషికి 1300 అంటే మొత్తం 2600. ఏ తగ్గింపూ లేనిదే చవక! కాబట్టి ఎంత తగ్గించారని అడగకండి, చివరికి ఎంత కట్టాలని అడగండి.

ఆ చివరి లెక్కలో ప్రకటనలో కనపడనివి చాలా ఉంటాయి. పన్నులు, రేవు రుసుములు సరే. సిబ్బందికి టిప్పులని రోజుకి మనిషికి సుమారు 16 నుంచి 20 అమెరికన్ డాలర్ల దాకా వేస్తారు, పిల్లలకి కూడా. రోజుకి 17 అనుకున్నా నలుగురికి ఏడు రోజులకి 476 అమెరికన్ డాలర్లు. మన డాలర్లలో 600 దాటిపోతుంది. ఓడ మీద ఖాతా సాధారణంగా అమెరికన్ డాలర్లలోనే ఉంటుంది కాబట్టి మన కెనడా కార్డుల మీద చాలావాటికి 2.5 శాతం మార్పిడి రుసుము అదనం. గోరుచుట్టు మీద రోకలిపోటు. టిప్పులు కలిపి ఇచ్చే ఆఫరు మనలాంటి కుటుంబాలకి పానీయాల ప్యాకేజీ ఆఫరు కన్నా ఎక్కువ లాభం. మందు ముట్టనివాళ్ళకి ఆ ప్యాకేజీ ఎంత ఉచితమైనా ఒకటే కదా.

ఇక విమానం. ఓడ బయల్దేరే రోజే సస్కటూన్ నుంచి విమానం ఎక్కకండి. ఒక రోజు ముందే వాంకూవర్ చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు. ఆ హోటల్ గది ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కారులో వెళ్తామంటే 1600 కిలోమీటర్లు పైచిలుకు, దారిలో పడుకోవాలి.

చిన్నపిల్లలున్న ఇళ్ళలో అతి పెద్ద తగ్గింపు ఏ కార్డులోనూ లేదు, క్యాలెండర్‌లో ఉంది. మే నెలలోనూ సెప్టెంబరులోనూ ధరలు జులై, ఆగస్టు కన్నా బాగా తక్కువ. బడికి వెళ్ళని పిల్లలున్నవాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినవాళ్ళు ఈ నెలలు చూసుకోండి. బడి పిల్లలున్నవాళ్ళకి గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి ధర తక్కువగా ఉండే ఆఫర్లే మేలు.

ఇప్పుడు మెంబర్‌షిప్పుల సంగతి. ప్రతి కంపెనీకీ ఒకటి ఉంది. రాయల్ కరీబియన్ వాళ్ళది క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ, హాలండ్ అమెరికా వాళ్ళది మెరీనర్ సొసైటీ, ప్రిన్సెస్ వాళ్ళది కెప్టెన్స్ సర్కిల్. చేరడానికి డబ్బు అక్కర్లేదు. రాయల్ కరీబియన్‌లో మామూలు గదికి రాత్రికి ఒక పాయింటు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 80కి డైమండ్. ఏడాదికొక ఏడు రాత్రుల ప్రయాణం చేసినా డైమండ్ చేరడానికి పన్నెండేళ్ళు పడుతుంది! అందుకే పాయింట్ల కోసం ప్రయాణం చేయొద్దు. ప్రయాణం చేసినప్పుడు పాయింట్లు వదలొద్దు. భార్యాభర్తలు ఒకే చిరునామాలో ఉంటే, 18 ఏళ్ళలోపు పిల్లలుంటే ఈ కంపెనీలో అందరికీ ఒకే హోదా ఇస్తారు. మొదటిసారే అందరి వివరాలూ సరిగ్గా నమోదు చేయించుకోండి. పైగా ఈ నియమాలు కంపెనీలు మార్చేస్తూ ఉంటాయి. కార్నివాల్ వాళ్ళు ఎన్ని రోజులు తిరిగారని కాకుండా ఎంత ఖర్చుపెట్టారని లెక్కగట్టే పద్ధతికి మారుతున్నామని 2025లో ప్రకటించారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఏదో ఇస్తారని ఇవాళ ఎక్కువ కట్టడం తెలివైన పని కాదు.

మనవాళ్ళకి బాగా పనికొచ్చేది ఇంకొకటుంది, గుంపుగా వెళ్ళడం. చాలా కంపెనీల్లో ఎనిమిది గదులు, అంటే పదహారు మంది కలిస్తే ఒక మనిషి మూల ధర వెనక్కి ఇస్తారు. ఆ ధర 1200 అనుకోండి, ఎనిమిది ఇళ్ళూ పంచుకుంటే గదికి 150. చిట్టీ కట్టి పెరిగిన మనకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే చిట్టీలో ఉన్న చిక్కే ఇందులోనూ ఉంది. ఒకరు తప్పుకుంటే అందరికీ తగులుతుంది.

ఇది నా అనుభవం. కొన్నేళ్ళ క్రితం మా స్నేహితుల కుటుంబాలు ఎనిమిది కలిసి అలాస్కా వెళదామనుకున్నాం. లెక్కలన్నీ నేనే వేశాను. ఆఫరు, ఏజెంటు ఇచ్చే క్రెడిట్, గుంపు తగ్గింపు, అన్నీ పొరలు పేర్చి అందరికీ కాగితం మీద చూపించాను. మాలో ఒక తమ్ముడు తెనాలి నుంచి సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి గది తీసుకున్నాడు. డిపాజిట్ తిరిగిరాని ధర తీసుకుంటే గదికి 300 దాకా మిగులుతుందని సలహా ఇచ్చింది నేనే. ఆ పెద్దవాళ్ళకి అమెరికా వీసా ఉందా అని మాత్రం అడగలేదు. వాంకూవర్లో ఎక్కి వాంకూవర్లో దిగే ప్రయాణం కదా అనుకున్నాను.

అలాస్కా అమెరికా అండీ. ఓడెక్కకముందే వాంకూవర్ రేవులో అమెరికా అధికారులు కాగితాలు చూస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కెనడా పి.ఆర్. ఉన్నా సరే, అమెరికా వీసా కావాలి. సంగతి తెలిసేసరికి ఇంటర్వ్యూ తేదీలు మా ప్రయాణం దాటి ఉన్నాయి. ఆ గది రద్దయింది, డిపాజిట్ పోయింది. ఎనిమిది గదులు ఏడయ్యాయి, అందరికీ రావలసిన గుంపు తగ్గింపూ పోయింది. పూతరేకు మీద నీళ్ళు పడినట్టయింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ ఆ తమ్ముడు కొన్ని నెలలు మా ఇళ్ళకి రావడం మానేశాడు. తప్పు నాదైతే తల దించుకున్నది అతను. అది నాకిప్పటికీ బాధే.

ఆ వేసవిలోనే అతను అమ్మానాన్నల్ని వాంకూవర్ తీసుకెళ్ళి, సావాసెన్ నుంచి స్వార్ట్జ్ బేకి బి.సి. ఫెర్రీస్ పడవ ఎక్కించాడు. గంటా ముప్పావు కూడా పట్టదు. దీవుల మధ్యనుంచి వెళుతుంది, వీసా అక్కర్లేదు. పెద్దాయన డెక్కు మీంచి కదలలేదట. ఇంకా కావాలనుకునేవాళ్ళకి అదే సంస్థ పోర్ట్ హార్డీ నుంచి ప్రిన్స్ రూపర్ట్‌కి నడిపే ఓడ ఉంది. వేసవిలో పగటిపూట సుమారు 16 గంటలు, అంతా కెనడా నీళ్ళలోనే. అలాస్కా దారిలాంటి కొండలూ నీళ్ళూ ఇక్కడా ఉన్నాయి.

ఇప్పుడు అమెరికా వీసా సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. తాము పౌరులైన దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని 2025 సెప్టెంబరులో అమెరికా చెప్పింది. ఇక్కడికి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడినుంచే ప్రయత్నిద్దామని కూర్చోకుండా, బయల్దేరకముందే హైదరాబాదులో ఆ పని చూసుకోవడం మంచిది.

అలాగే ఆరోగ్య బీమా. మన సస్కచ్వాన్ హెల్త్ కార్డు దేశం బయట ఆసుపత్రిలో పడుకుంటే రోజుకి 100 డాలర్లు ఇస్తుంది, అవుట్ పేషెంటుకి 50. అక్కడి బిల్లు ముందు ఇది ఏ మూలకి? ప్రయాణ బీమా డబ్బు మిగుల్చుకునే చోటు కాదు. పెద్దవాళ్ళ సూపర్ వీసా బీమా కెనడా బయట పనిచేస్తుందో లేదో కూడా చదివి చూడండి.

కాగితం, పెన్ను ఉంటే ఈ వరస రాసుకోండి. ఒకటి, అందరి పాస్‌పోర్టులూ, వీసాలూ, తిరిగి వచ్చే కాగితాలూ. రెండు, తేదీలు. మూడు, చివరికి కట్టవలసిన మొత్తం, టిప్పులూ విమానం హోటలూ కలిపి. నాలుగు, డిపాజిట్ తిరిగి వస్తుందా, ఏ తేదీ దాకా. అయిదు, అప్పుడు తగ్గింపుల పొరలు. మేమప్పుడు అయిదోదాంతో మొదలుపెట్టాం.

ఇంకొక మాట. ఒకసారి బుక్ చేశాక మరిచిపోకండి. మిగతా డబ్బు కట్టే గడువు సాధారణంగా ప్రయాణానికి మూడు నెలల ముందు ఉంటుంది. ఆ లోపల ధర తగ్గితే, మీరు తీసుకున్న ధర నియమాలు ఒప్పుకుంటే, కొత్త ధరకి మార్చమని అడగవచ్చు. గుంపు ధరలకి ఈ వీలుందో లేదో ముందే కనుక్కోండి. నెలకొకసారి ఫోన్ చేయండి. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

ఆ తమ్ముడి అమ్మానాన్నలు తర్వాత వచ్చినప్పుడు వీసా వేయించుకునే వచ్చారు. ఈసారి గది తీసుకునేటప్పుడు డిపాజిట్ తిరిగొచ్చే ధరే తీసుకున్నాడు, కాస్త ఎక్కువైనా. లెక్క సరిచూడమని నా దగ్గరికే వచ్చాడు. అంతకన్నా నాకేం కావాలి?

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. బయటికెళ్ళేటప్పుడు చెవులు కప్పుకోండి. సెలవు.