బడిపిల్లల దేహబలము - ప్రభుత్వధర్మము

(వ్యాయామోపాధ్యాయుల సభలో నొక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన యుపన్యాసము)



మీరు నన్నీ సభకు బిలిచినపుడు కొంత సంకోచించితిని. నేను వ్యాయామోపాధ్యాయుడను గాను. లెక్కలు చెప్పి జీవితము గడపినవాడను. అంతకంటె పెద్దకారణము వేఱొకటి కలదు. మీ గంటను దొంగిలించినవారిలో నేనొకడను. సంక్రాంతి సెలవులు ముగిసి పదవతరగతి పరీక్షలు దగ్గఱపడగనే, కాలపట్టికలో 'ఆటలు' అని యున్న చోటులనెల్ల 'గణితము' అని వ్రాయించి, క్రింద నా సంతకము చేసితిని. డ్రిల్లుమాష్టరుగారు మాఱుపలుకక యీలను జేబులో వేసికొని, నేనప్పగించిన హాజరుపట్టీలు సరిచూచుచు వరండాలో గూర్చుండిరి. ఆ యేడు ఉత్తీర్ణుల సంఖ్య పెరిగినది. పైవారు నన్ను మెచ్చుకొనిరి. ఆ మెప్పునకు వెల చెల్లించినవా రెవరో నే నప్పుడాలోచింపలేదు.

ఇది ప్రాయశ్చిత్తముకొఱకు చెప్పుటలేదు. వ్యవహార మెట్లు నడచుచున్నదో తెలుపుటకు చెప్పుచున్నాను. నా యుద్యోగకాలమున బడిని తనిఖీచేయ వచ్చిన యధికారులు లెక్కలలో నెందఱు తప్పిరని యడిగిరి. ఇంగ్లీషులో నెందఱు తప్పిరని యడిగిరి. మరుగుదొడ్ల తాళముచెవు లెవరియొద్ద నున్నవని కూడ నడిగిరి. "మీ పిల్లలలో ఆయాసపడకుండ రెండు ఫర్లాంగులు పరుగెత్తగలవా రెందఱు?" అని యొక్కరైన నడుగలేదు. ఎవరు నడుగకున్నను చేయు మహానుభావులు కొందఱుందురు. వారికి నమస్కారము. కాని వేలకొలది ప్రభుత్వపాఠశాలలను మహానుభావులపై భారమువైచి నడపుట సాధ్యము గాదు. కావున సర్కారు మొదట నడుగవలెను. అడుగుటకు ముందు ఇయ్యవలసినవి ఇయ్యవలెను. నేటి నా మాటలెల్ల ఈ యియ్యవలసినవానిని గూర్చియే.

పిల్లవాని యొడలు తల్లిదండ్రుల సంరక్షణలోనిది గదా, సర్కారున కేమి పని యని కొంద ఱాక్షేపింతురు. ఒకప్పు డీ యాక్షేపణ కొంత చెల్లెడిది. ఊరూర సాముగరిడీలుండెను, తాలింఖానాలుండెను, దండీలు, బస్కీలు నేర్పు వస్తాదులుండిరి. అవి లేని పల్లెలో సైతము చెఱువుగట్టు, మామిడితోపు, దేవళముముందటి మైదానము ఉండెను. మగపిల్లలకు చెడుగుడు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి. ఆడపిల్లలకు తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప. వీనికి బడ్జెటు అక్కఱలేకపోయెను. ఇపుడు చెఱువు ప్లాట్లయినది, తోపు కొట్టుడుపడినది, వీథిలో నాడుకొను పిల్లవానికి మోటారుసైకిలు భయము. బడికి నడచిపోయెడి పిల్లలు ఆటోలో నొకరిపై నొకరు గూర్చుండి పోవుచున్నారు. సంఘము ఉచితముగ నిచ్చినది పోయినపుడు దానిని తిరిగి యీయగల చేయి ప్రభుత్వపుచేయి యొక్కటే. కలవారు తమ పిల్లలను ఈతకొలనులకును, రుసుము కట్టి యాడు మైదానములకును పంపుకొందురు. లేనివాని బిడ్డకు బడియే గతి.

విదేశప్రభుత్వమునాడు మన యవస్థ యెట్టిదో కొంచెము స్మరింతము. ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి నెఱుగని తెలుగువాడు లేడు. రొమ్ముపై నేనుగును నిలుపుకొన్న యీ కలియుగభీముడు సర్కసు పెట్టుటకు ముందు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడు. ఆయన కీర్తికి మనము గర్వించుట సహజమే. కాని యట్టివాడు బడి విడిచి డేరాలోనికి పోవలసివచ్చిన సంగతిని నేను మఱవజాలకున్నాను. 1920లో మద్రాసున వ్యాయామవిద్యకు మొదటి కళాశాలను స్థాపించినది సర్కారు గాదు. హారీ క్రో బక్ అను నమెరికా దేశీయుడు వై.ఎం.సి.ఏ. పక్షమున దానిని స్థాపించెను. నాటి మద్రాసు రాజధానిలోని తెలుగుజిల్లాలవారికి కూడ నదియే యాధారమయ్యెను. స్వతంత్రభారతప్రభుత్వము తన పక్షమున గ్వాలియరులో లక్ష్మీబాయి పేర నట్టి కళాశాల నొకదానిని నెలకొల్పుట 1957లో, అనగా సిపాయిల తిరుగుబాటు శతాబ్దిసంవత్సరమున, జరిగినది.

మనలను పాలించిన యింగ్లండు తన బిడ్డల విషయమున కన్ను దెఱచిన తీరు వినదగినది. 1899 మొదలు 1902 వఱకు దక్షిణాఫ్రికాలో బోయరుయుద్ధము జరిగెను. సైన్యమున జేరవచ్చిన పట్టణపు కూలివాండ్రలో పెక్కుమంది రొమ్ము చాలక, ఎత్తు చాలక, పండ్లు పుచ్చి పనికిరానివారైరి. సామ్రాజ్యమునకు గుండెదడ పుట్టినది. మొట్టమొదట తోచిన యుపాయ మేమన, బడిపిల్లలకు సిపాయికవాతు! 1902లో యుద్ధశాఖవారి పద్ధతిపై నొక కసరతు పాఠ్యక్రమమును బడులకు పంపిరి. పసివాండ్ర వయస్సును, ఎదుగుదలను లెక్కింపని యాక్రమము విమర్శల పాలై, 1904లో దానికి బదులుగ మఱియొకటి వచ్చినది. ఆ యేడే జాతిదేహక్షీణతను విచారించిన సంఘమువారు తమ నివేదికలో 53 సూచనలు చేసిరి. తరువాత 1906లో బడిపిల్లలకు భోజనము పెట్టుటకు స్థానికసంస్థల కధికార మిచ్చు చట్టము వచ్చెను. 1907లో బడులలో వైద్యపరీక్షకు చట్టము వచ్చెను. కవాతుతో మొదలుపెట్టినవారు నాలుగైదేండ్లలో అన్నము దగ్గఱకును, వైద్యుని దగ్గఱకును వచ్చిరి. వారి యుద్దేశము మంచిదని నేననను. వారికి కావలసినది సిపాయిలు. అయినను వారు నేర్చుకొన్న వరుస మనకును పనికివచ్చును.

ఏలయన, మన బడులలో నుదయము ప్రార్థనవేళ కండ్లుతిరిగి పడు బాలికలను మీరందఱు చూచినవారే. 2019-21 నాటి జాతీయకుటుంబారోగ్య పరిశీలనమున 15 మొదలు 19 ఏండ్లలోపు బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆ పిల్లచేత యాలముచుట్టు పరుగులు పెట్టించుట వ్యాయామము కాదు, హింస. ఈ విషయమున మన ప్రభుత్వములు చేసిన మేలును దాచరాదు. మద్రాసురాష్ట్రమున కామరాజుగారు 1956లో నారంభించిన మధ్యాహ్నభోజనము, 2001 నవంబరు 28వ తేదీని సర్వోన్నతన్యాయస్థాన మిచ్చిన యుత్తరువుతో దేశమంతటి బడులకు విధియైనది. పై ప్రాథమికతరగతుల పిల్లకు పూటకు 700 కెలోరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఇయ్యవలెనని నియమము. అయిన నిది మధ్యాహ్నపుమాట. ఉదయపు తొమ్మిదిగంటలకు డ్రిల్లు చేయు పిల్లవాడు ఏమి తిని వచ్చెను? తమిళనాడువారు 2022 సెప్టెంబరులో ప్రాథమికపాఠశాలలందు ఉదయపుటల్పాహారము మొదలిడిరి. ఇరుగుపొరుగువారి మంచిని చూచి నేర్చుకొనుటలో చిన్నతనము లేదు.

ఇక స్థలమునుగూర్చి. ఇచ్చట కొంచెము నిలువవలెను. 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన విద్యాహక్కుచట్టమునకు నొక యనుబంధము కలదు. బడికి గదులు, త్రాగునీరు, మరుగుదొడ్లు, ప్రహరి కావలెనని చెప్పుచు, 'ఆటస్థలము' అని కూడ నందు వ్రాసిరి. సంతోషము. కాని యెంత స్థలము? ఆ సంగతి యందు లేదు. గదికి లెక్క కలదు, గురువునకు లెక్క కలదు, పనిదినములకు లెక్క కలదు. ఆటస్థలమునకు గజమైన లెక్క లేదు. ఇక నాటస్థలమనగా నేమి? రెండు గదులనడుమ జెండాకఱ్ఱ పాతిన సందు కూడ నాటస్థలమే! చట్టము వచ్చిన మూడేండ్లలో నన్నిబడులు నీ నియమములను పాటింపవలెననిరి. ఆ గడువు 2013 మార్చితో తీరినది.

ఉపాధ్యాయుని సంగతి యింకను విచిత్రము. ఆ యనుబంధమే, 6 మొదలు 8 వఱకు తరగతులలో పిల్లలు నూర్గురికి మించినపుడు మాత్రమే ఆరోగ్యవ్యాయామవిద్యకు బోధకు డుండవలెననుచున్నది, అతడును అల్పకాలికుడు. అయిదవతరగతిలోపు పసివాండ్రకు ఎవ్వడును అక్కఱలేదట! ఎముక బలియు ప్రాయము, పరుగు తీరు కుదురు ప్రాయము, ఆటపై నిష్టము పాదుకొను ప్రాయము అదియే గదా. పునాదివేళ మేస్త్రీని పిలువక, పైకప్పు వేయునాడు పూటకూలికి రమ్మన్నట్లున్నది.

స్థలమెట్లు పోవునో నా కనులార చూచితిని. నేను తుదకు పనిచేసిన బడికి నాలుగెకరముల మైదానముండెడిది. మొదట నదనపుగదులు వచ్చినవి. పిల్లలు పెరిగిరి, కాదనరాదు. తరువాత నీటిట్యాంకు వచ్చినది. ఊరికి నీరు కావలెను, కాదనరాదు. తరువాత నొక కార్యాలయము. తరువాత ఏటేట జరుగు ప్రదర్శనకై డేరాలవారు త్రవ్విన గోతులు. ఒక్కొక్కటియు న్యాయముగనే తోచినది, ఒక్కొక్కదానికి నేను తలయూచితిని. నేను పదవీవిరమణ చేయునాటికి మిగిలినది వాలీబాలు గీతలకు సరిపోయెడి చోటు. 2023 మార్చిలో హర్యానాలోని యొక గ్రామపాఠశాల స్థలమాక్రమణకు సంబంధించిన వ్యాజ్యమున, ఆటస్థలము లేని బడి యుండరాదని సర్వోన్నతన్యాయస్థానము చెప్పినది. ఆక్రమించినవారు అంగడివాండ్రైనపుడు న్యాయస్థానమునకు పోవచ్చును. సర్కారే యాక్రమించినపుడు ప్రధానోపాధ్యాయు డెచ్చటికి పోవలెను?

ప్రైవేటు బడుల మాట చెప్పనేల? మూడంతస్తుల యపార్టుమెంటులో, క్రింద మందులదుకాణము, పైన నాలుగువందల పిల్లలు. ఉదయము చీకటితో లేపి, రాత్రి పదివఱకు బల్లలయొద్ద గూర్చుండబెట్టు ఇంటర్మీడియెటు హాస్టళ్ళు మన తెలుగుసీమకు ప్రత్యేకమైన యపకీర్తి. వానికిని గుర్తింపుపత్రము వ్రాసి ముద్రవేయుచున్నది సర్కారే. ఆటస్థలము చూపనివానికి ముద్ర నిరాకరించుటకు పైసా ఖర్చు లేదు.

మన రాజ్యాంగమున క్రీడలు రాష్ట్రజాబితాలోని 33వ పద్దులో, నాటకశాలలు, సినిమాలు, వినోదములతో గలిసి యున్నవి. విద్యయో, 1976నుండి ఉమ్మడిజాబితాలో నున్నది. ఈ రెంటినడుమ బడిపిల్లవాని వ్యాయామము ఎవరి బిడ్డ? క్రీడాశాఖవారు పతకముకొఱకు చూతురు. విద్యాశాఖవారు మార్కులకొఱకు చూతురు. పతకము తేలేని, పరుగున వెనుకబడు, బొద్దుగానో బక్కగానో యుండు సామాన్యబాలుడు ఏ శాఖవారి కంటను పడడు.

ఈ చిక్కు మనకే గాదు. అమెరికాలో 1950ల నడుమ ఒక సులభమైన కండరపరీక్ష జరుపగా, ఆ దేశపు పిల్లలలో నూటికి 57 మందికి పైగా తప్పిరి. యూరోపుపిల్లలలో తప్పినవారు నూటికి 9 మంది లోపే. అధ్యక్షుడు ఐసెన్‌హోవరు కలతచెంది 1956లో నొక మండలిని నియమించెను. మంచిదే. కాని 1966లో జాన్సను కాలమున, పరీక్షలలో నగ్రభాగమున నుండు నూటికి 15 మందికి బహుమానమను పద్ధతి వచ్చినది. తక్కిన 85 మంది తోటివారియెదుట కడ్డీకి వ్రేలాడి నవ్వులపాలగుటయే నేర్చుకొనిరి. 2012-13 తరువాత నాపరీక్షను విరమించిరి. 2025లో మరల పెట్టుటకు ఉత్తరువు వెలువడినది. మన దేశమునను 2018లో ఖేలో ఇండియా పాఠశాలక్రీడలు, 2019 ఆగష్టు 29వ తేదీని ఫిట్ ఇండియా యుద్యమము ఆరంభమైనవి. వానిని నేను నిందింపను. కాని ప్రతిజ్ఞ చేయించి, ఛాయాచిత్రము తీసి, అంతర్జాలమున నెక్కించినంతన పిల్లవాని ఊపిరితిత్తులు పెరుగవు. 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ కావలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. మన కాలపట్టికలో వారమునకు రెండుమూడు పీరియడులు. వానిని నావంటివారు జనవరిలో దొంగిలింతురు.

సర్కారు తలచిన నేమి చేయగలదో మన యిండ్లలోనే నిదర్శనము కలదు. 2014 మే 25వ తేదీని ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లైన నిండలేదు. నిజామాబాదుజిల్లాలో వ్యవసాయకూలీల బిడ్డ. సాంఘికసంక్షేమ గురుకులపాఠశాల విద్యార్థిని. భువనగిరి గుట్టపై నభ్యాసము, పిదప డార్జిలింగులో శిక్షణము. నేను మెచ్చునది శిఖరమును గాదు. ప్రతి పిల్లయు నెవరెస్టు నెక్కనక్కఱలేదు. ఆ పిల్లకు మూడుపూటల తిండి పెట్టి, ఉండుట కిల్లిచ్చి, నీవల్ల నగునని చెప్పు గురువు నిచ్చినది ప్రభుత్వధనమే యను సంగతిని మెచ్చుచున్నాను. శ్రీకాకుళముజిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్కులలో 240 కిలోలెత్తి కంచుపతకము తెచ్చినపుడు మనమందఱము పండుగ చేసికొంటిమి. మఱుసటిదినమున మన బడిలో బరువెత్తుట కొక ఇనుపకడ్డీ యున్నదా యని నేనైతే చూడలేదు.

కావున ఈ సభవారు సర్కారునకు పంపు వినతిలో పెద్దమాటలు వలదని నా మనవి. ఈ నాలుగు చాలును. పిల్లలసంఖ్యనుబట్టి ఆటస్థలమున కింత యని విస్తీర్ణము నిర్ణయించి, రెవిన్యూ రికార్డులలో నాటస్థలమనియే నమోదుచేసి, ఏ శాఖయు దానిపై నిటుక వేయరాదని యుత్తరువు చేయుడు. ప్రాథమికపాఠశాలల కొక్కొక్క దానికి సాధ్యము గాకున్నచో, మూడునాలుగు బడులకు కలిపియైన నొక పూర్తికాలపు వ్యాయామోపాధ్యాయుని నియమింపుడు. ఏట రెండుమారులు ప్రతి పిల్లను తూచి, కొలిచి, రక్తము పరీక్షించి, ఆ పత్రమును మార్కులపత్రముతోపాటు తల్లిదండ్రుల చేతికిండు. ఎవరితోను పోల్చక, ఆ పిల్ల నిరుటికంటె నెట్లున్నదో మాత్రమే వ్రాయుడు. తనిఖీకి వచ్చు నధికారి ఆటలగంట జరిగిన దినములెన్నియో మొదట నడిగి, పిదప గణితమునుగూర్చి యడుగవలెనని నియమింపుడు.

ఈ కడపటిదానిపై గణితోపాధ్యాయులలో కొందఱికి కోపము రావచ్చును. వారితో మాటలాడు భారము నామీద నుంచుడు. వారి భాష నాకు తెలియును. ఈ వినతిని సభవారి యామోదమునకై ప్రతిపాదించుచున్నాను.