కొత్త టీవీలో బొమ్మ సాగుతోందా?

కొత్త టీవీ గోడకెక్కింది. పాత సినిమా పెట్టగానే నటి సావిత్రి మొహం అడ్డంగా సాగి కనిపిస్తోందా? కంగారు పడకండి, చాలాసార్లు టీవీ తప్పేమీ ఉండదు. పాత డబ్బా టీవీల తెర 4:3 కొలత. ఇప్పటి తెర 16:9. పాత బొమ్మను ఎత్తు మార్చకుండా కొత్త తెర నిండా పరిస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది. రిమోట్‌తో మెనూలోకి వెళ్లి, పిక్చర్ సైజ్ లేదా ఆస్పెక్ట్ రేషియో అన్నచోట 4:3 పెట్టండి. పక్కల నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. తెరంతా నిండాలన్న పంతమే అసలు చిక్కు. అయినా కుదరకపోతే సెట్‌టాప్ బాక్స్ మెనూ చూడండి. అక్కడా ఇదే సెట్టింగు ఉంటుంది. బాక్సే సాగదీసి పంపుతుంటే అక్కడే సరిచేయడం మేలు.

వార్తల కింద స్క్రోలింగ్ తెగిపోతోందంటే టీవీ బొమ్మ అంచుల్ని కత్తిరిస్తోందని అర్థం. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు, మెనూలో ఆపేయవచ్చు. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంటే సిగ్నల్, కేబుల్ బిగింపు చూసుకోవాలి.

టీవీ సొంత మెనూ మీద కూడా గీతలో మచ్చలో కనిపిస్తే మాత్రం లోపం టీవీలోనే ఉంది. ఫొటో తీసి, బిల్లు జతచేసి వారంటీ కింద ఫిర్యాదు చేయండి. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.