ముందు వరస గాలి కాసే చోటు

పట్టభద్రులారా, మీకు మనసారా అభినందనలు.

సేవా కార్యక్రమాలకు నిధుల కోసం దూరాలు సైకిల్ తొక్కిన మనిషిగా, క్రీస్తును నమ్ముకున్న మనిషిగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ రెండూ నాకు వేరు కావు. ప్రార్థన చర్చిలో నేర్చుకున్నాను, దానికి అర్థం రోడ్డు మీద తెలిసింది. మీలో అన్ని మతాలవారూ ఉన్నారని తెలుసు. 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత స్వరూపాన్ని నిలిపిన గుణదల కొండకు ఏటా ఫిబ్రవరిలో కాలినడకన వచ్చేవారిలోనూ అన్ని మతాలవారూ ఉంటారు. అక్కడ ఎవరూ ఎవరినీ మీదే మతమని అడగరు. ఆ చనువుతోనే మాట్లాడుతున్నాను.

మన విజయవాడ పటమట నుంచి కృష్ణ కరకట్ట పట్టుకుని తోట్లవల్లూరు, శ్రీకాకుళం, మోపిదేవి మీదుగా అవనిగడ్డకు, అక్కణ్నుంచి నాగాయలంకకు వెళ్లి చూడండి. చెప్పుకోదగ్గ ఎత్తు ఒక్కటీ తగలదు. చూసేవాళ్లు ఎంత తేలికో అనుకుంటారు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. ఘాట్ రోడ్డులో ఎక్కేటప్పుడు మన కష్టానికి కారణం కళ్ల ముందే ఉంటుంది, ఎక్కాక దిగే సుఖమూ ఉంటుంది. డెల్టాలో అలా కాదు. అడ్డం వచ్చేది కంటికి కనబడదు, ఎంత తొక్కినా అవే వరిచేలు, అవే కాలవలు. జీవితంలో మీకు ఎదురయ్యే కష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పక్కవాడికి కనబడవు, చెప్పినా అర్థం కావు.

ఆ గాలికి దూర ప్రయాణాల సైక్లిస్టులకు తెలిసిన ఉపాయం ఒకటుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుంది. ముందువాడి చక్రం వెనక ఆనుకుని తొక్కేవాడికి ఆ శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే జట్టుగా వెళ్లేవాళ్లు వంతులేసుకుంటారు. ఒకడు ముందు నిలిచి వెనకవాళ్లకు గాలి తగలకుండా కాస్తాడు, అలసిపోగానే పక్కకు తప్పుకుని వెనక్కు చేరతాడు, ఇంకొకడు ముందుకు వస్తాడు. బ్రెవేలు అనే దూర సైకిల్ యాత్రల్లో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. కంట్రోల్ పాయింట్ల మధ్య వెంట కారు రాకూడదు. తోటి సైక్లిస్టే దిక్కు. గడువు లోపల చేరిన వారందరిదీ ఒకటే గౌరవం, మొదటి స్థానమంటూ ఉండదు.

నేను చెప్పదలచింది ఒక్కటే. ఈ పట్టా మిమ్మల్ని ముందు వరసలోకి తెచ్చింది. ముందు వరస అంటే వెనకవాళ్ల కోసం గాలి కాసే చోటు. ఇన్నేళ్లూ మీకోసం ఎవరో కాశారు. ఇప్పుడు మీ వంతు వచ్చింది.

అలా ఇతరుల కోసం నిలిచిన ఇటలీ సైక్లిస్టు జీనో బార్తాలి 1938లో, మళ్లీ 1948లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచాడు. నిష్ఠగల కతోలికుడు. ఆ రెండు విజయాల మధ్య యుద్ధం వచ్చింది. ఇటలీని జర్మన్ సైన్యం ఆక్రమించినప్పుడు, పందేలకు సాధన చేస్తున్నట్టు కనిపిస్తూనే, సైకిల్ ఫ్రేమ్ గొట్టంలో దొంగ గుర్తింపు పత్రాలు దాచి ఫ్లోరెన్స్, అసిసీల మధ్య చేరవేశాడు. అవి యూదుల ప్రాణాలు కాపాడే కాగితాలు. పట్టుబడితే తన ప్రాణం పోతుంది. యుద్ధమయ్యాక ఆ సంగతి చెప్పుకు తిరగలేదు. 2000లో కన్నుమూశాడు. యూదుల స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఆయన్ను గౌరవించింది 2013లో. చప్పట్లు తెచ్చిన పందేలకూ, ఎవరికీ తెలియని ఆ ప్రయాణాలకూ ఆయన వాడినవి అవే కాళ్లు. మీ చదువుతో మీరూ ఉద్యోగం చేస్తారు, పేరు తెచ్చుకుంటారు. అదే చదువుతో ఎవరికీ తెలియని మేలు కూడా చెయ్యండి.

మన నేలకు వద్దాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తమిళ దేశంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా సైకిల్ మీదా పల్లెలు తిరిగారు. మన కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా తరవాత ఆయన పర్యవేక్షణలోకి వచ్చాయి. అంతకుముందు 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని గౌరవిస్తూనే, భారత క్రైస్తవులకు కావలసింది స్నేహమని ఆయన ముఖాముఖి చెప్పారు. సేవ చెయ్యబోయే ప్రతివారూ ఆ మాట గుర్తుంచుకోవాలి. పైనుంచి పడేసే సాయం మనిషిని చిన్నబుచ్చుతుంది. పక్కన నడిచే సాయం నిలబెడుతుంది.

నిలబడినవాడు తిరిగి ఎంతమందిని నిలబెడతాడో హైదరాబాద్ సైక్లిస్టు ఆదిత్య మెహతాను చూస్తే తెలుస్తుంది. ప్రమాదంలో కాలు పోయింది. 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు తెచ్చాడు. అంతటితో ఆగకుండా ఫౌండేషన్ పెట్టి, సుదూర సైకిల్ యాత్రలతో నిధులు కూడగట్టి, అవయవాలు కోల్పోయిన జవాన్లకూ యువతకూ శిక్షణ ఇప్పిస్తున్నాడు.

అలాగే అమెరికాలో బిల్లీ స్టార్ అనే యువకుడు క్యాన్సర్‌తో తల్లిని పోగొట్టుకున్నాడు. 1980లో 36 మందితో సైకిల్ యాత్ర మొదలుపెట్టాడు. పాన్-మాస్ ఛాలెంజ్ అనే ఆ యాత్ర ఇప్పటికి క్యాన్సర్ పరిశోధనకు వంద కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. సైక్లిస్టులు సేకరించిన ప్రతి డాలరూ ఆ పరిశోధనకే పోతుందన్న నమ్మకం మీద అది నిలిచింది. మీరు రేపు ఒక మంచి పనికి నలుగురినీ చెయ్యి చాపి అడిగితే, ప్రతి రూపాయికీ లెక్క చెప్పండి. లెక్క సరిగా ఉండటం కూడా భక్తే.

ఇక విశ్వాసం గురించి. సువార్తల్లో నన్ను ఎక్కువగా కదిలించే మనిషి కురేనీయుడైన సీమోను. పల్లె నుంచి వస్తూ దారిన పోతున్నవాణ్ని పట్టుకుని యేసు సిలువను మోయించారు. లోక భారాన్ని మోయడానికి వచ్చాడని మేం నమ్మే ప్రభువు సైతం ఆ దారిలో తన బరువు ఇంకొకరు మోయడానికి ఒప్పుకున్నాడు. కాబట్టి అలసిపోవడం పాపం కాదు. పక్కకు తప్పుకుని వెనక్కు చేరడం ఓటమీ కాదు. వంతు వదలనని పట్టుపట్టి ముందే నిలిచేవాడు తానూ కూలతాడు, జట్టు వేగాన్నీ తగ్గిస్తాడు. చదువుకున్నవాళ్లు సాయం అడగడానికి సిగ్గుపడతారు. పిల్లలూ, సిగ్గుపడకండి.

ఇదంతా మీకు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పరుగెత్తినప్పుడు, ఈ ఊళ్లో వరద రాని వీధుల్లో పొయ్యిలు వెలిగాయి. అన్నం పొట్లాలు కట్టినవాళ్లు, మోకాటి లోతు నీళ్లలో వాటిని మోసినవాళ్లు మీ వయసువాళ్లే. ఆ రోజు ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చారు. వరద తీశాక కూడా ఆ అలవాటు పోనివ్వకండి.

ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లు మీలో ఉన్నారు. మీ వెనక ఒక తమ్ముడో, చెల్లెలో, పక్కింటి పిల్లో ఉంటారు. దరఖాస్తు నింపడం, ఫీజు కట్టడం, ఇంటర్వ్యూకు తోడు వెళ్లడం, ఏదైనా సరే, ఈ ఏడాది ఒక్కరి బాధ్యత తీసుకోండి. వాళ్లు నిలదొక్కుకున్నాక ఇంకొకరి బాధ్యత తీసుకోమని చెప్పండి. దేవుడు మీ కాళ్లకు బలమిచ్చుగాక, మీకు మంచి జట్టునిచ్చుగాక, మీ వెనక వచ్చేవారికి మీ వల్ల దారి తేలికయ్యేలా చేయుగాక. సెలవు.