ఊళ్ల పొత్తు – అగ్నిరక్షణము

1904వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీ ఆదివారమునాడు అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఒక సరకుల గిడ్డంగికి నిప్పంటుకొనెను. తంతివార్త నందుకొని వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములనుండి ఫైరింజనులు రైళ్లమీద వచ్చినవి. వచ్చినవే కాని, పొరుగువారి గొట్టముల మరలు బాల్టిమోరు కుళాయిల మరలకు చాలవరకు పట్టలేదు. నీరున్నది, గొట్టమున్నది, రెంటికిని పొత్తు కుదురలేదు. ఇంచుమించు 30 గంటలు మండి 1,500కు పైగా కట్టడములు నాశనమయ్యెను. సాయమునకు కొదువలేదు, ముందేర్పాటు లేదు.

ఆ దేశముననే ఒహాయో రాష్ట్రమున చిన్న పట్టణములును, టౌన్‌షిప్పులనబడు గ్రామసముదాయములును ఇట్టి ముందేర్పాటును చట్టరీత్యా చేసికొనుచున్నవి. ఊరూర ఇంజను కొని, దానిని నడపువారికి జీతములిచ్చుట చిన్నయూళ్లకు తలకుమించిన భారము. కావున, ఒక్కొక్క ఊరి సభలో అధికసంఖ్యాకులు సమ్మతించినచో, ఇరుగుపొరుగు ఊళ్లు ఉమ్మడి అగ్నిరక్షక మండలముగా నేర్పడవచ్చును. అంబులెన్సుబండ్లకును అట్టి మండలములు కలవు. రెండును ఒక్కటిగా పెట్టుకొనుటకును చట్టము సమ్మతించును. పన్ను సాధారణపరిమితిని మించవలెనన్న ప్రజల ఓటు కావలెను.

పాలకమండలి కూర్పు విచారింపదగినది. పెద్దదైనను చిన్నదైనను ఊరికొక్క ప్రతినిధియే. పన్ను హెచ్చుగా నిచ్చు పట్టణమువారికిది రుచింపకపోవచ్చును. నాకు మాత్రము న్యాయముగనే తోచుచున్నది. పెద్దయూరివారి మాట ఎచ్చటనైనను చెల్లును. చిన్నయూరివానికి ఆ కుర్చీ యొక్కటే గతి. ఇంజను ఎవరి పొలిమేరలో నిలుపవలెనను తగవు అచ్చటనే కదా తీరవలెను! అది ఎనిమిది మైళ్ల దూరముననున్నచో పన్ను తప్పదు, రాక మాత్రము ఆలస్యము. గడ్డివాము ఏ దేశముననైనను కాచుకొని యుండదు. గుండెనొప్పి వచ్చినవాడును అంతే.

ఉమ్మడిబావి త్రవ్వించిన అన్నదమ్ములు వేరుపడునపుడు వంతుల తగవెట్లుండునో తమరెరుగుదురు. ఒహాయో చట్టము దీనిని ముందే యోచించినది. ఏ ఊరైనను తీర్మానముచేసి వైదొలగినచో, కౌంటీ ఆడిటరు నిల్వసొమ్మును, సామగ్రిని పన్నుకట్టు ఆస్తుల విలువనుబట్టి పంచును. లెక్క సరియే, ఒక్కటే యింజనున్నచోట నిది సులభమని మాత్రము నేననుకొనను.

మన తెలుగునాట దారి వేరు. అగ్నిమాపకదళము రాష్ట్రప్రభుత్వమువారిది. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశమున మొదలైన 108 అంబులెన్సునకును ఊరి పొలిమేరలు లేవు. దానికై పంచాయతీ పన్ను వేయనక్కరలేదు. బండి ఎచ్చట నిలుపవలెనను నిర్ణయమున ఊరికొక కుర్చీయు లేదు.