నింపాదిగా నాలుగు రోజులు విశాఖలో



పిల్లల పెళ్ళిళ్ళయిపోయాయి, ఆయన రిటైరయ్యారు, ఇంక హాయిగా నాలుగూళ్ళు తిరిగి వద్దాం అని అనుకోని ఇల్లాలుంటుందా? తీరా ఆ రోజు వచ్చేసరికి మనకి మోకాళ్ళ నొప్పులు, ఆయనకి బి.పి., అత్తగారికి డెబ్బై దాటి వుంటాయి. "ఇప్పుడెక్కడికిలే" అని వూరుకుంటాం. లేదా పిల్లలు పట్టుపట్టి తీసుకెళ్ళి, వాళ్ళ పరుగు మన చేత పెట్టిస్తారు. ఈ రెండూ కాకుండా, రైలెక్కి ఒక్క వూరికి వెళ్ళి, మూడు నాలుగు రోజులు నింపాదిగా వుండి రావడం గురించి చెబుదామని వచ్చాను. వూరు విశాఖపట్నం. మా అత్తయ్యగారిని తీసుకుని రెండుసార్లు వెళ్ళాను కనుక ఆ వూరి సంగతే చెబుతాను.

మొదటిసారి ప్రయాణం మా పిల్లలు కాగితం మీద రాశారు. పొద్దున్నే సింహాచలం, అట్నుంచి కైలాసగిరి, భోజనం కాగానే సబ్‌మెరీను, సాయంత్రం రుషికొండ, మర్నాడు తెల్లవారుజామున అరకు రైలు. అప్పటికి అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్ళు. కారులో కూచోవడమే గదా, నడిచేదేముంది అనుకున్నాం. ఆవిడ పొద్దుటినుంచీ గుక్కెడు నీళ్ళు తాగలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. దారిలో బాత్‌రూం ఎక్కడుంటుందో, వున్నా ఎలా వుంటుందో, మగపిల్లల్ని కారాపమని ఎలా అడగడమో అని ఆవిడ మొహమాటం. కైలాసగిరి మీద కళ్ళు తిరిగి కూలబడిపోయారు. ఆ రాత్రంతా ఆసుపత్రిలో సెలైను. "చివరిసారి నీళ్ళెప్పుడు తాగారు?" అని డాక్టరమ్మ అడిగితే ఇంటిల్లిపాదిమీ మొహమొహాలు చూసుకున్నాం.

తెల్లవారాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "సముద్రం దగ్గర కాసేపు కూచుందామనుకున్నానే" అన్నారు. మా కాగితంలో సముద్రం లేకపోలేదు. ఫోటోలకని పావుగంట రాసి వుంది!

రెండేళ్ళు గడిచాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి కాగితం నేను పట్టుకున్నాను. ముందు మనిషికొక్కటి చొప్పున ఏం కావాలో అడిగాను. అత్తయ్యగారికి సముద్రం. మావారికి సబ్‌మెరీను. నాకు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు. అప్పన్న దర్శనం అందరికీ కావాలి. అంతే, మిగతావన్నీ కొట్టేశాను. అరకు కొట్టేస్తుంటే మావాడు గోలపెట్టాడు. అరకు రైలు బాగుంటుంది, కాదనను. సొరంగాలూ, లోయలూ, 2017లో వేసిన అద్దాల పెట్టె, అన్నీ చూడదగ్గవే. కానీ వెళ్ళడానికే నాలుగు గంటలు పడుతుంది, బొర్రా గుహల్లో వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. దానికి వేరే ప్రయాణం పెట్టుకోవాలి గాని, దీనికి తోక తగిలించకూడదు.

ఇక రైలు సంగతి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేను మొదట చూసేది, మనం దిగే వూరే బండికి ఆఖరు స్టేషనా కాదా అని. మధ్య స్టేషనైతే రెండు నిమిషాలో అయిదు నిమిషాలో ఆగుతుంది. సామాన్లు ముందా, మనుషులు ముందా అని ఒకటే హడావుడి. ఆఖరు స్టేషనైతే అందరూ దిగిపోయాక మెల్లిగా దిగవచ్చు. హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో వుంటాం. తిరుగు ప్రయాణంలో అదే బండి అక్కణ్ణుంచే బయలుదేరుతుంది కనుక ఎక్కడానికీ వ్యవధి వుంటుంది. 2023 జనవరిలో వచ్చిన వందే భారత్ త్వరగానే చేరుస్తుంది గాని, సికింద్రాబాదులో మధ్యాహ్నం ఎక్కితే విశాఖ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళప్పుడు ముసలివాళ్ళతో ఆటో కోసం నిలబడ్డం నాకిష్టం లేదు. విజయవాడ వాళ్ళు మాత్రం అదృష్టవంతులు. రత్నాచల్‌లో పొద్దున్నే కూచుంటే మధ్యాహ్నం వేళకి విశాఖలో దిగవచ్చు. పగటి బండి కావడంతో రాజమండ్రి దగ్గర గోదావరి కళ్ళారా కనిపిస్తుంది. బ్రిడ్జి రాకముందే చిల్లర గుప్పిట్లో పెట్టుకు కూచునేవాళ్ళు ఇప్పటికీ వున్నారు.

ఒక జాగ్రత్త. కొన్ని దూరప్రయాణపు బళ్ళు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. దువ్వాడ నుంచి వూళ్ళోకి పదిహేను కిలోమీటర్ల పైమాటే. టికెట్టు మీద ఏ స్టేషనుందో చూసుకోండి. హైదరాబాదులో ఎక్కేవాళ్ళు ఎక్కే స్టేషను కూడా చూసుకోవాలి. సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని బళ్ళు చర్లపల్లికి మారాయి.

కింది బెర్తుల విషయంలో చాలామందికి తెలియని సంగతొకటి వుంది. రైల్వేవారు కొన్ని కింది బెర్తులు మగవాళ్ళకైతే 60 ఏళ్ళు, ఆడవాళ్ళకైతే 45 ఏళ్ళు నిండినవారి కోసం విడిగా వుంచుతారు. అయితే ఒక టికెట్టు మీద అలాంటివారు ఒక్కరో ఇద్దరో వుంటేనే ఆ కోటా వర్తిస్తుంది. తోడు వస్తున్న కుర్రవాడి పేరు అదే టికెట్టులో చేర్చారా, ఆ అవకాశం పోయిందన్నమాటే. మొదటిసారి మేం చేసిన పని అదే. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్టు తీశాం, ఒక్క కింది బెర్తు రాలేదు. రెండోసారి అత్తయ్యగారికీ నాకూ కలిపి ఒక టికెట్టు, మావారికీ అబ్బాయికీ వేరే టికెట్టు తీశాం. మా ఇద్దరికీ కిందివే వచ్చాయి. బెర్తులు ఖాళీ వుంటేనే ఇస్తారు కనుక ఆలస్యం చెయ్యకూడదు. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతోంది. వృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కనుక ఖర్చు లెక్క వేసేటప్పుడు పూర్తి ఛార్జీయే వేసుకోండి.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండిగాని ఇక్కడ తగ్గించకండి అని నేను చెప్పేది రైలు క్లాసు దగ్గర. ఏ.సి. త్రీ టైరులో రాత్రి మధ్య బెర్తు ఎత్తాక కింద బెర్తులో నడుం నిలబెట్టి కూచోవడానికి వుండదు. నడిరాత్రి ఆయాసం వచ్చి లేచే పెద్దవాళ్ళుంటారు. టూ టైరులో మధ్య బెర్తు గొడవ లేదు. చలి మాత్రం ఎక్కడైనా చలే, శాలువా, మేజోళ్ళు చేతి సంచీలోనే పెట్టుకోండి. మందులు కూడా అందులోనే వుండాలి, బెర్తు కింద తోసేసిన పెట్టెలో కాదు. రెండు రోజులవి అదనంగా పెట్టుకుని, డాక్టరు చీటీ ఫోటో ఫోనులో వుంచుకోండి. స్టేషనులో ఎక్కువ నడవలేనివారికి చక్రాల కుర్చీ అడిగి తీసుకోవచ్చు. పెద్ద స్టేషన్లలో బ్యాటరీ కార్లూ వుంటాయి. అడగడానికి నామోషీ పడకూడదు. మావారు పడ్డారు, నేనడిగాను.

తెల్లవారుజామున దిగుతాం బాగానే వుంది, హోటలువాళ్ళు గది ఇచ్చేది చాలాచోట్ల మధ్యాహ్నం పన్నెండింటికి. అప్పటిదాకా పెద్దవాళ్ళని సామాన్ల మీద కూచోబెడతామా? ముందే ఫోను చేసి పొద్దున్న ఆరింటికి వస్తామని చెప్పి, ఒప్పుకున్న హోటలే తీసుకోండి. లేదా స్టేషనులోని రిటైరింగ్ రూము టికెట్టు నంబరుతో ముందుగా బుక్ చేసుకుని, స్నానం చేసి, ఓ కునుకు తీసి వెళ్ళండి. హోటలు వాళ్ళని లిఫ్టు వుందా అని అడిగితే వుందనే అంటారు. లిఫ్టు దాకా ఎన్ని మెట్లున్నాయి అని అడగాలి. బాత్‌రూంలో కమోడు ఎత్తెంత, పట్టుకోడానికి కడ్డీ వుందా, ప్లాస్టిక్ స్టూలు ఇస్తారా అన్నవి అడిగి తెలుసుకోండి. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. మేం బీచ్ రోడ్డుకి దగ్గరలోనే దిగాం. గది చిన్నదే, కాని అత్తయ్యగారు కిటికీలోంచి సముద్రం చూస్తూ కాఫీ తాగారు.

మొదటి రోజు ఏమీ పెట్టుకోలేదు. భోజనం, నిద్ర. సాయంత్రం అయిదింటికి రామకృష్ణా బీచ్‌కి వెళ్ళి గోడ దగ్గర కూచున్నాం. దిగి నీళ్ళలోకి వెళ్ళనివ్వలేదు. అక్కడ అలల లాగుడు ఎక్కువ, నడుము గట్టిగా వున్నవాళ్ళనే పడేస్తుంది. మరమరాల మిక్చరు పొట్లం కట్టించుకుని రెండు గంటలు అక్కడే వున్నాం. ఎవరం ఏమీ పెద్దగా మాట్లాడుకోలేదు. మర్నాడు సూర్యోదయానికి ఆవిడే మమ్మల్ని లేపారు. సముద్రంలోంచి సూర్యుడు వచ్చే వూరు గదా! ఆ వేళప్పుడు బీచ్‌లో రద్దీ వుండదు, ఎండా వుండదు.

సింహాచలం వూరికి పదహారు కిలోమీటర్లుంటుంది. మెట్లు ఎక్కక్కర్లేదు, కొండపైదాకా రోడ్డుంది. శని ఆదివారాలు వదిలెయ్యండి. రిటైరైనవాళ్ళకి సోమవారమైతేనేం, గురువారమైతేనేం? స్వామి ఏడాది పొడుగునా చందనంలోనే వుంటారు. నిజరూపం చూపేది వైశాఖంలో అక్షయతృతీయ నాడు మాత్రమే. ఆనాటి జనంలో పెద్దవాళ్ళని తీసుకెళ్ళడం సాహసం, ఇంట్లో టీవీలో చూపించడమే మేలు. బురుజుపేట అమ్మవారికి పైకప్పు లేదు, ఆరుబయటే వుంటుంది. మనమే స్వయంగా పసుపు కుంకుమలు వేసి పూజ చేసుకోవచ్చు. అత్తయ్యగారు తన చేత్తో కుంకుమ పెట్టి ఎంతో పొంగిపోయారు. మార్గశిర గురువారాల్లో అక్కడా విపరీతమైన రద్దీయే.

సబ్‌మెరీను ముచ్చట చెప్పాలి. కురుసుర అనే ఆ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించుకుంది. 2002 నుంచి బీచ్ ఒడ్డున మ్యూజియంగా వుంది. లోపల దారి ఇరుకు. గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ళు బాగా లేనివాళ్ళకి పనికిరాదు. మావారూ అబ్బాయీ లోపలికి వెళ్ళారు, మేమిద్దరం బయట నీడలో కూచుని దాని పొడుగు చూస్తూ కబుర్లు చెప్పుకున్నాం. అందరూ అన్నీ కలిసే చూడాలని ఎక్కడుంది? ఇంకో పూట కారు మాట్లాడుకుని భీమిలి దాకా సముద్రం వెంబడే వెళ్ళి వచ్చాం. అది కూచునే షికారు, దిగాలనిపించినచోట దిగడమే.

ఇక నీళ్ళ సంగతి. రెండు గంటలకొకసారి మంచి హోటలు చూసి కారాపించాను. "నేను బాత్‌రూంకి వెళ్ళాలి" అని నేనే అనేదాన్ని. నేను లేస్తే ఆవిడా లేచేవారు. ఒక్కసారి కూడా ఆవిడ నోరు విడిచి అడగాల్సిన అవసరం రాలేదు. కాఫీ తాగినట్టూ వుంటుంది, పనీ అవుతుంది. ఒక సీసా ఆవిడకే ప్రత్యేకించి పెట్టి, మధ్యాహ్నానికి సగం ఖాళీ అయిందా లేదా చూసేదాన్ని. నీళ్ళు బిగబట్టుకుంటే కళ్ళు తిరగడమే కాదు, మూత్రంలో మంటలూ, జ్వరాలూ వస్తాయి. బి.పి.కి మూత్రం ఎక్కువయ్యే మాత్ర వాడేవాళ్ళు కొందరు ప్రయాణంలో దాన్ని తమంతట తామే మానేస్తారు. అది ప్రమాదం. ఏ వేళకి వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరుని అడగండి. షుగరున్నవాళ్ళని భోజనం వేళ దాటనివ్వకండి.

వెళ్ళే కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క భరించలేం. అక్టోబరులో తుపాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ వూరిని ఏం చేసిందో మరిచిపోలేదు గదా. నవంబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా హాయి. తిరుగు ప్రయాణం రోజున గది పొద్దున్నే ఖాళీ చేసి సాయంత్రం దాకా తిరగొద్దు, సగం అద్దె ఇచ్చినా సరే, మధ్యాహ్నం పడుకునే చోటు వుంచుకోండి. స్టేషనుకి వచ్చే ఆటో అతనికి మెయిన్ గేటా, జ్ఞానాపురం వైపా అన్నది ముందే చెప్పాలి. తప్పు వైపు దిగితే ప్లాట్‌ఫారాలన్నీ దాటుకు రావాలి. మాడుగుల హల్వా మాత్రం ముందురోజే కొని పెట్టుకోండి.

అత్తయ్యగారు ఇప్పుడు రాజమండ్రి అంటున్నారు. గోదావరి గట్టున కూచోవాలిట, ఇంకేమీ వద్దుట. నవంబరు పదిహేనుకి చూద్దామన్నాను. అంటే సెప్టెంబరు పదహారున పొద్దున్న ఎనిమిదింటికల్లా అబ్బాయిని కంప్యూటరు ముందు కూచోబెట్టాలి, మా ఇద్దరికీ విడిగా ఒక టికెట్టు.