మగ్గము విడిచి కంప్యూటరు పట్టిన మన యువకుల దేహారోగ్యము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



నగరి, పుత్తూరు, నారాయణవనము ప్రాంతములయందు మగ్గపుచప్పుడు వినుచు పెరిగిన మన బిడ్డలనేకులు నేడు తిరుపతిలోను, చెన్నపట్టణమునను, బెంగుళూరునను కంప్యూటరు ఉద్యోగములు చేయుచున్నారు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాపించినపుడు ఇల్లుచేరి, మంచముమీద ల్యాప్‌టాపు నుంచుకొని రేయింబవళ్లు పనిచేసినవారిని మనమెరుగుదుము. ఇది మనకు గర్వకారణమే. కాని ఆ బిడ్డ మెడనొప్పి యనినంతనే, నీడపట్టున కూర్చుండి వ్రేళ్లాడించువానికి నొప్పి యేమని మనలో పెద్దలు నవ్వుచున్నారు. ఆ నవ్వును గూర్చియే మేము నేడు మనవి చేయదలచితిమి.

గుంటమగ్గము సుఖాసనమని మేము చెప్పము. నడుమునొప్పి, మోకాళ్లనొప్పి, చూపు మందగించుట మన తాతలు ఎరిగినవే. మరమగ్గములు వచ్చిన పిదప చెవుడును తోడైనది. అయినను మగ్గమున కాళ్లు తొక్కుచుండును, చేయి నాడెను విసరుచుండును. పోగు తెగిన వంగి ముడివేయవలెను. పడుగునకు గంజి పెట్టుటకై వేకువనే వీథిలోనికి రావలెను. కంప్యూటరు పనిలో దేహమునకు ఆపాటి మార్పును లేదు. మెడ ముందునకు వంగియుండును, మణికట్టు ఒక్కతీరున బిగిసియుండును. తెర చూచునపుడు రెప్పపాటు తగ్గి కన్నులెండి మండును. రాత్రివేళ బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కినచో మణికట్టులోని నరము నొక్కుకొనినదేమో చూపించుకొనవలెను. దానిని బద్ధకమనుట అన్యాయము.

1713లో ఇటలీదేశపు వైద్యుడు రామజ్జీని వ్రాయసకాండ్ర వ్యాధులకు మూడు కారణములు చెప్పెను. అవి ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకేతీరున కదలుట, తప్పు దొర్లునేమోయను మనోవ్యాకులత. మూడవదియే మన యిండ్లలో ఎవరును అడుగనిది. అమెరికావారి పగలు మనకు రాత్రి; అర్ధరాత్రి మీటింగులు, తరుముకొనివచ్చు గడువులు, ఉద్యోగము పోవునేమోయను బెంగ. వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు చేయువారికంటె పక్షవాతపు ముప్పు సుమారు 35 శాతము అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు 2021లో ప్రకటించినవి. మనమో, జీతమెంతయని అడుగుదుము గాని నిద్ర యెంతయని అడుగము. బిడ్డకు నొప్పి యున్నదని తెలిసిన పెండ్లిసంబంధము తప్పిపోవునని దాచిపెట్టు తల్లిదండ్రులును గలరు. వైద్యుని యొద్దకు పోవలసిన దినములు ఇట్లే గడచిపోవుచున్నవి.

చేయదగినది పెద్ద వ్యయముతో కూడినది కాదు. మోచేతి యెత్తున బల్ల, బారెడు దూరమున తెర, ఇరువది నిమిషముల కొకమారు దూరపుచూపు, అరగంట కొకమారు లేచి నాలుగడుగులు. తిమ్మిరియు పట్టుతప్పుటయు కనబడిన ఆలసింపరాదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆస్పత్రులున్నవి. చిత్తూరువారికి వేలూరు దూరము కాదు.

పోషక మహాశయులకు ఒక విన్నపము. మన విద్యార్థులు నేలమీద చాపపై వంగి కంప్యూటరు నేర్చుచున్నారు. ఈ యేడు సన్మానపు శాలువలు కొన్ని తగ్గించి, విద్యార్థి వసతిగృహమునకు తగిన యెత్తుగల బల్లలును, వీపున కానుడుగల కుర్చీలును ఇప్పింపవలెను. వేదికమీది కుర్చీలవంటివైనను చాలును.