విద్యుజ్జ్వాలలో లోహరేణువులు

 

పూర్వము మన ఇండ్లలో కాటుక పట్టుట అందరెరిగినదే. ఆముదపు దీపముపై పళ్ళెమును బోర్లించినచో, మంటలో పుట్టిన కర్బనరేణువులు చల్లని లోహమున కంటుకొని నిలిచిపోవును. వేడిలో పుట్టించుట, చల్లనిచోట పట్టుకొనుట—ఈ రెండే ఆ విద్యకు మూలము. లోహముల నుండి నానోరేణువులను చేయు ఒక ఆధునిక పద్ధతికిని ఇదియే మూలము. అయితే అచ్చటి దీపము విద్యుత్తుతో వెలుగును.

వాయువు గుండ బలమైన విద్యుత్తు ప్రసరించినప్పుడు పరమాణువుల నుండి ఎలక్ట్రానులు విడివడును. ఎలక్ట్రానులును అయానులును కలిసియున్న ఆ స్థితికి 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ప్లాస్మా అని పేరిడెను. మెరుపును, ట్యూబులైటు వెలుగును దాని రూపములే.

1990వ దశకపు ఆరంభమున జర్మనీలోని ఫ్రైబర్గు నగరమున హాబర్లాండ్, ఆయన సహచరులు ఈ పనికొక సాధనమును రూపొందించిరి. గాలి తీసివేసిన గదిలో కొద్దిగా ఆర్గాను నింపి ప్లాస్మాను రగుల్చుదురు. ఆర్గాను అయానులు లోహపు పలకను ఢీకొని పరమాణువులను ఊడగొట్టును. అవి చల్లని వాయువులో వేడి కోల్పోయి, ఒకదానితో నొకటి చేరి గుచ్ఛములగును. సన్నని రంధ్రము గుండ వెలుపలికి పోగానే వాని ఎదుగుదల ఆగును. వాయువు ఒత్తిడిని, అందుండు కాలమును మార్చి పరిమాణమును అదుపు చేయవచ్చును.

ఇంత శ్రమ యెందులకు? నానోమీటరు అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. 55 పరమాణువులు చక్కగా పేర్చుకొన్న గుచ్ఛమున 42 పైపొరలోనే యుండును. రసాయనచర్య జరుగునది పైపొరమీదనే గనుక, పిడికెడు లోహము చేయు పనిని చిటికెడు చేయగలదు.

ఇట్టి రేణువులు ప్రయోగశాలలోనే పుట్టునని తలంపరాదు. డెలానీపూరునకు అనతిదూరమున ఫీనిక్స్ బేలో ఓడల మరమ్మతుశాల కలదు. ద్వీపవాసులకు ఓడలు ముఖ్యము. ఉప్పునీరు ఇనుమును తినును. కావున వెల్డింగు పనికి విరామముండదు. వెల్డింగు జ్వాలయు ప్లాస్మాయే. ఇనుము సుమారు 2,860 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును; ఆ జ్వాల వేడిమి అంతకు మించినది. ఆవిరియైన లోహము గాలిలో చల్లబడి, ప్రాణవాయువుతో కలిసి, నానోరేణువులగును. మనము పొగ యనునది అదియే.

ప్రయోగశాలలో రేణువు గదిలోను, మనుష్యుడు వెలుపలను ఉందురు. మరమ్మతు పనిలో ఇరువురును ఒకేచోట నుందురు. ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చేరును. జింకు పూసిన రేకును అతికినవారికి కొన్ని గంటలలో చలిజ్వరము రావచ్చును. వెల్డింగు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో నిర్ణయించెను. నల్లని అద్దము కన్నులను కాపాడును గాని శ్వాసను కాపాడదు. ముఖమునకు చుట్టిన తువ్వాలు ఈ రేణువులను ఆపజాలదు.

కావలసినవి పొగను పుట్టినచోటనే లాగు యంత్రము, ముఖమునకు సరిగా అమరు శ్వాసకవచము, ఓడ అడుగున మూసియున్న గదులలో గాలిప్రసారము. ఇవి పనివాని చేతిలో నున్నవి కావు. పనికి అంచనా వ్రాయువారి చేతిలోను, మంజూరు చేయువారి చేతిలోను ఉన్నవి. ఇనుము, కడ్డీలు, కూలి లెక్కించిన కాగితముమీద పొగలాగు యంత్రమునకును ఒక పంక్తి యుండవలెను. ఖర్చు తగ్గింపవలసి వచ్చినప్పుడు మొదట కొట్టివేయబడు పంక్తి అది కారాదు.